నిద్రలో, మత్తులో వెన్నుపాము ఏం చేస్తుంది?

గత సంచికలో, సిజేరియన్ సమయంలో నడుంలో ఇచ్చే మత్తు సూది గురించి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్నకు క్లుప్తంగా జవాబు రాశాను. ఆ మందు నడుం కింది భాగం నుంచి మెదడుకు పోయే సంకేతాలను రెండు మూడు గంటలపాటు ఆపుతుందే తప్ప స్పృహ జోలికి పోదని అందులో అన్నాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని చాలామంది ఉత్తరాలు రాశారు. మత్తంటే మెదడు నిద్రపోవడమేనన్న అభిప్రాయం దాదాపు అన్నిటిలోనూ కనిపించింది. అది సగమే నిజం. మిగతా సగం వెన్నుపాములో ఉంది. అందుకే ఈసారి స్థలమంతా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. సొంత వివరాలు తొలగించి, ప్రశ్నలను కొంత కుదించాను.

ప్రశ్న: మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ జరిగింది. మత్తు ఇస్తే మెదడు నిద్రపోతుంది కాబట్టి రోగి కదలడని అక్కడివారు చెప్పారు. నిద్రపోతున్న మనిషిని దోమ కుట్టినా చెయ్యి విదిలిస్తాడు కదా! కత్తి పెట్టినా కదలకుండా ఉండడానికి అది ఎలాంటి నిద్ర?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ సందేహం సరైన చోటే పుట్టింది. రోగికి ధైర్యం చెప్పడానికి మేం డాక్టర్లం 'కాసేపు పడుకొని లేస్తారు, అంతే' అంటూ ఉంటాం. ఆ మాట ఆ గడియకు పనికొస్తుంది, కానీ నిద్ర వేరు, మత్తు వేరు. తెలియకపోవడం, కదలకపోవడం అనే రెండు సంగతులను విడదీసి చూస్తే మీ ప్రశ్న తేలిక పడుతుంది.

వేడి పెనం తగిలిన చెయ్యి, కాలిందని మనకు తెలిసేలోపే వెనక్కి వచ్చేస్తుంది. బడిలో దీన్ని అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకున్నాం. చర్మం నుంచి బయలుదేరిన సంకేతం వెన్నుపాములో 'వెనక కొమ్ము' అనే వెనక భాగానికి చేరి, అక్కడి మధ్యవర్తి నాడీకణాల మీదుగా 'ముందు కొమ్ము' అనే ముందు భాగంలోని చాలక నాడీకణాలకు (కండరాలను కదిలించే కణాలకు) అంది, వాటి నుంచి కండరానికి పోతుంది. ఈ దారిలో మెదడు అనుమతి ఎవరూ అడగరు. దానికి కబురు తర్వాత అందుతుంది. కాబట్టి మెదడును ఒక్కదాన్నే నిద్రపుచ్చితే, కత్తి తగిలిన మనిషి తనకు తెలియకుండానే కదులుతాడు. రోగి కదలకుండా ఉన్నాడంటే వెన్నుపాములోని ఈ దారి కూడా మూతపడిందన్నమాట.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. పీల్చే మత్తుమందుల బలాన్ని కొలవడానికి 1960లలో అమెరికాలో ఎడ్మండ్ ఈగర్, ఆయన సహచరులు ఒక ప్రమాణాన్ని తయారుచేశారు. చర్మం మీద కోత పెట్టినప్పుడు సగంమంది రోగులు కదలకుండా ఉండాలంటే ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల్లో ఎంత శాతం మందు ఉండాలన్నదే ఆ ప్రమాణం. మత్తు డాక్టర్లు దాన్ని 'మాక్' అంటారు. ఐసోఫ్లూరేన్ అనే మందుకు ఇది సుమారు 1.2 శాతం. సుమారు ముప్పై ఏళ్ళపాటు చాలామంది ఈ అంకె మెదడు మీద మందు బలాన్ని చూపుతోందనే నమ్మారు. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐరా రాంపిల్ బృందం ఎలుకల్లో మెదడు పైభాగాన్ని పూర్తిగా తొలగించి అదే ప్రమాణాన్ని కొలిచి చూసింది. మెదడు పైభాగం లేకపోయినా ఆ అంకె మారలేదు. మెదడే కదలికను ఆపుతున్నట్టయితే మారి తీరాలి.

అదే ఏడాది కాలిఫోర్నియాలోనే డేవిస్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ఆంటోగ్నిని మేకల మీద చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టమైనది. మేక శరీర నిర్మాణంలో ఒక సౌలభ్యం ఉంది: దాని మెదడుకు పోయే రక్తాన్ని మిగతా ఒంటికి పోయే రక్తం నుంచి యంత్రం సాయంతో వేరుచేయవచ్చు. అలా వేరుచేసి, మందును మెదడుకు మాత్రమే అందించి చూస్తే, మేక కదలకుండా ఉండడానికి 1.2 శాతం చాలలేదు, 2.9 శాతం దాకా పెంచవలసి వచ్చింది. అంటే వెన్నుపాముకు మందు అందనప్పుడు మెదడును రెండు రెట్లకు పైగా ముంచెత్తితే తప్ప కాలు విదిలించడం ఆగలేదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మనిషికి స్పృహ తప్పడానికి, జ్ఞాపకం నిలవకుండా పోవడానికి మాక్‌లో దాదాపు మూడో వంతు మందు చాలు. మెదడు త్వరగా లొంగుతుంది, వెన్నుపాము మొండికేస్తుంది.

మందు అక్కడ చేసే పని కొంతవరకు తెలుసు. నాడీకణాలను శాంతపరిచే గాబా, గ్లైసిన్ అనే రసాయనాలు వెన్నుపాములో సహజంగానే పనిచేస్తుంటాయి. పీల్చే మందులు వాటి ప్రభావాన్ని పెంచుతాయి. పొటాషియం బయటికి పోయే కొన్ని ద్వారాలను తెరిచి చాలక కణాలను మందకొడిగా చేస్తాయి. ఉత్తేజపరిచే గ్లూటమేట్ పనిని తగ్గిస్తాయి. రక్తనాళంలోకి ఎక్కించే ప్రోపోఫాల్ అనే మత్తుమందు మాత్రం ముఖ్యంగా గాబా దారినే నమ్ముకుంటుంది. అందుకే అది స్పృహను చిటికెలో తీసేసినా, కోతకు కదలకుండా ఆపడానికి ఒక్కటే వాడితే చాలా ఎక్కువ మోతాదు కావాలి. ఆ పనికి దానితోపాటు ఫెంటనిల్ లాంటి నొప్పి మందు ఇస్తారు; అది వెనక కొమ్ములో సంకేతం ఒక కణం నుంచి ఇంకో కణానికి దాటే చోట అడ్డుపడుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మనిషికి తెలియనంత మాత్రాన గాయం కబురు వెన్నుపాముకు అందడం ఆగదు. చర్మం నుంచి వచ్చే నరాలు మత్తులోనూ పనిచేస్తూనే ఉంటాయి. కత్తి తగలగానే గుండె వేగం, రక్తపోటు పెరగడం అందుకు గుర్తు. పదే పదే వచ్చే గాయపు సంకేతాలకు వెన్నుపాములోని కణాలు అతిసున్నితంగా తయారవుతాయని 1983లో క్లిఫర్డ్ ఉల్ఫ్ చూపించారు. స్పృహ పోగొట్టేశాం కదా అని నొప్పి మందును వదిలేయకూడదన్న జాగ్రత్తకు ఇదొక కారణం. నొప్పి అనే అనుభవం మెదడుది. ఆ అనుభవానికి ముడిసరుకు మాత్రం కిందినుంచే వస్తుంది.

వెకురోనియం, అట్రాక్యూరియం లాంటి కండరాలు సడలించే మందుల మాట కూడా మీకు వినిపించి ఉంటుంది. అవి మెదడు మీదా, వెన్నుపాము మీదా పనిచేయవు. నరం కండరాన్ని కలిసే చోట మాత్రమే అడ్డుపడతాయి. మీ నాన్నగారికి జరిగిన తరహా ఆపరేషన్లో పొట్ట కండరాలు మెత్తబడాలి కాబట్టి వాటినీ వాడతారు. అలాంటప్పుడు రోగి కదలడం లేదన్న గుర్తు మత్తు లోతు తెలుసుకోవడానికి పనికిరాదు. మత్తు డాక్టరు తెర మీది అంకెల నుంచి చూపు తిప్పకుండా కూర్చునేది అందుకే.

మత్తుకూ మన ప్రాంతానికీ పాత చుట్టరికం ఉంది కనుక ఒక్క మాట: 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. క్లోరోఫాం ప్రాణం తీసేది ముందుగా ఊపిరి ఆపడం వల్లనేనని, గుండె వల్ల కాదని అవి తేల్చాయి. గుండె లయ తప్పి కూడా చనిపోవచ్చని 1911లో లెవీ చూపించడంతో ఆ తీర్పు వీగిపోయింది. వాళ్ళు వెతికింది ప్రాణం ఎక్కడ ఆగుతుందన్నది. కదలిక ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్నకు ఇంకో శతాబ్దం పట్టింది.

ఇక మీ దోమ సంగతి. నిద్రలో ఉన్నవాడి వెన్నుపాము దారులు చాలావరకు తెరిచే ఉంటాయి, మెదడును తట్టి లేపే దారి కూడా తెరిచే ఉంటుంది. దోమ స్థానంలో కత్తి ఉంటే ఆ నిద్ర అక్కడితో సరి.

ప్రశ్న: థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక మా అక్కకు మెలకువ వస్తున్నప్పుడు పాదాలు టకటకా కొట్టుకున్నాయి. ఫిట్స్ వచ్చాయేమోనని హడలిపోయాం. ఐదు నిమిషాల్లో తగ్గిపోయింది. దీనివల్ల ముందుముందు ఏమైనా ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: భయం అక్కర్లేదు. గాలి ద్వారా ఇచ్చిన మత్తు దిగేటప్పుడు, పక్షవాతం లాంటి జబ్బుల్లో మాత్రమే కనిపించే కొన్ని లక్షణాలు ఆరోగ్యవంతుల్లోనూ కొద్ది నిమిషాలు కనిపిస్తాయి. మోకాలి మీద తడితే కాలు మామూలుకన్నా ఎక్కువగా ఎగరడం, పాదం లయగా కొట్టుకోవడం, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం వాటిలో కొన్ని. మెదడు నుంచి కిందికి వచ్చే అదుపు ఇంకా పూర్తిగా తిరిగి రాకముందే వెన్నుపాము మేలుకోవడమే దీనికి కారణమని భావిస్తున్నారు. ఒంటి వేడి తగ్గడం వల్ల వచ్చే వణుకు దీనికి వేరు. దానికి దుప్పటి కప్పితే చాలు. మెలకువ పూర్తిగా వచ్చాక కూడా కాళ్ళలో బలహీనత, తిమ్మిరి ఉండిపోతే మాత్రం వెంటనే చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాళ్ళూ చేతులూ కదలవట, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఉంటుందట. మా అత్తగారు తాయెత్తు కట్టించమంటున్నారు. అదే ఇంట్లో మా మామగారు, 68 ఏళ్ళవారు, నిద్రలో కేకలు పెడుతూ చేతులు విసురుతున్నారు. మొన్న మంచం పక్కనున్న స్టూలు తగిలి చెయ్యి వాచింది. రెండూ ఒకే జబ్బా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, కలల వేళ ఒంటిని కదలకుండా పట్టి ఉంచే ఒకే వ్యవస్థ ఒకే ఇంట్లో రెండు రకాలుగా దారి తప్పడం అరుదుగా చూస్తాం. మీ అబ్బాయికి అది వదలవలసిన వేళకు వదలడం లేదు. మీ మామగారికి పట్టవలసిన వేళకు పట్టడం లేదు.

మన నిద్ర ఒకే తీరుగా సాగదు. 1953లో షికాగోలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కొన్నిసార్లు కనుగుడ్లు చకచకా కదిలే దశ ఉంటుందని గమనించారు. దాన్ని రెమ్ నిద్ర అంటున్నాం. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే దశ ఇదే. అప్పుడు మెదడు తరంగాలు మెలకువలో ఉన్నవాటిలాగే కనిపిస్తాయి, కానీ మెడ నుంచి పాదాల దాకా కండరాలు వాలిపోయి ఉంటాయి. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో మిషెల్ జువే అందుకే దీన్ని విరుద్ధ నిద్ర అన్నారు.

ఆ వాలిపోవడం వెన్నుపాములో జరిగే పనే. మెదడు కాండంలో పాన్స్ అనే భాగంలో ఒక చిన్న కణసమూహం ఉంది. రెమ్ నిద్ర మొదలవగానే అది దాని కిందనున్న మజ్జాముఖానికి కబురు పంపుతుంది. అక్కడి నుంచి దిగిన సంకేతాల వల్ల వెన్నుపాములోని చాలక కణాల మీద గ్లైసిన్, గాబా కురుస్తాయి. మెలకువలో వాటిని చురుకుగా ఉంచే నారడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాల సరఫరా అదే సమయంలో తగ్గిపోతుంది. కలలో పరుగెత్తమని మెదడు ఆజ్ఞ ఇచ్చినా ఆ ఆజ్ఞ చాలక కణం దగ్గరే ఆగిపోతుంది. ఇంతకు ముందు ప్రశ్నలో మత్తుమందు వాడుకున్నవి కూడా గాబా, గ్లైసిన్‌లే అని పాఠకులు గుర్తుచేసుకోవాలి. తేడా ఏమిటంటే, నిద్రలో వాటిని విడుదల చేయించేది పైనుంచి వచ్చే ఆజ్ఞ. మత్తులో మందే నేరుగా వెన్నుపాములోకి దిగి వాటి పనిని పెంచుతుంది. అందుకే నిద్ర పట్టు క్షణంలో వదిలిపోతుంది, మత్తు పట్టు మందు ఒంట్లోంచి పోయేదాకా వదలదు.

దీన్ని మనుషుల్లోనూ కొలిచి చూశారు. మోకాలి వెనక చిన్న కరెంటు ఇస్తే సంకేతం వెన్నుపాముకు వెళ్ళి తిరిగొచ్చి పిక్క కండరాన్ని కదిలిస్తుంది. 1910లో జర్మనీలో పాల్ హాఫ్‌మన్ వర్ణించిన ఈ ప్రతిచర్యను 1964లో హోడ్స్, డిమెంట్ నిద్రపోతున్నవారిలో కొలిచారు. మామూలు నిద్రలో అది కొంత తగ్గింది. రెమ్ దశలో దాదాపు మాయమైంది.

మీ అబ్బాయి విషయంలో మెదడు మేలుకుంటోంది, వెన్నుపాము మీది పట్టు మాత్రం కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా మిగిలిపోతోంది. కల తాలూకు తునకలు కూడా అంటుకొని ఉండడం వల్ల గదిలో ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. ఛాతీ మీద బరువుకూ కారణం ఉంది: రెమ్ నిద్రలో ఊపిరి తీసే డయాఫ్రం పనిచేస్తూనే ఉంటుంది, పక్కటెముకల మధ్య కండరాలు మాత్రం సడలిపోతాయి. ఆ స్థితిలో గట్టిగా ఊపిరి పీల్చాలని చూస్తే ఎవరో నొక్కిపట్టినట్టే ఉంటుంది. నిద్ర చాలకపోవడం, వేళలు మారిపోవడం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయి. పరీక్షల రోజుల్లో ఈ మూడూ కలిసొస్తాయి. తాయెత్తు వల్ల నష్టం లేదు కాబట్టి అత్తగారితో తగవు పెట్టుకోవద్దు, కానీ అబ్బాయిని ఏడు గంటలు పడుకోనివ్వండి, పక్కకు తిరిగి పడుకోమనండి. పగలు ఆపుకోలేని నిద్ర రావడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోవడం ఉంటే మాత్రం నరాల డాక్టరుకు చూపించాలి.

మీ మామగారి సంగతి ఇంతకన్నా పట్టించుకోవలసినది. 1960లలో జువే బృందం పిల్లుల్లో పాన్స్ దగ్గరి ఆ భాగాన్ని దెబ్బతీసినప్పుడు, అవి రెమ్ నిద్రలో ఉండగానే లేచి, కనిపించని ఎలుక మీద పడుతున్నట్టు ప్రవర్తించాయి. మనుషుల్లో ఇలాంటి జబ్బును 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మాహోవాల్డ్ వర్ణించారు. యాభై దాటిన మగవారిలో ఇది ఎక్కువగా బయటపడుతుంది. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు కాబట్టి ఆయన వాడుతున్న మందుల చీటీ డాక్టరుకు చూపించండి. ఏ మందూ కారణం కాకపోతే, ఇది పార్కిన్‌సన్స్ జబ్బుకూ, దాని కోవకు చెందిన మతిమరుపు జబ్బుకూ ఏళ్ళ ముందు వచ్చే సూచన కావచ్చు. 2019లో అనేక దేశాల నిద్ర కేంద్రాలు కలిసి 1,280 మందిని పరిశీలించి ప్రకటించిన ఫలితాల్లో, 12 ఏళ్ళు గడిచేసరికి నలుగురిలో దాదాపు ముగ్గురికి అలాంటి జబ్బు బయటపడింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. వాసన తెలియకపోవడం, నడక నెమ్మదించడం లాంటివి ముందే కనిపెడుతూ ఉండడానికి చెబుతున్నాను. నిద్ర పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. మెలటోనిన్, క్లోనజెపామ్ మందులతో విసుర్లు చాలావరకు తగ్గుతాయి. ఈలోగా మంచం ఎత్తు తగ్గించండి, ఆ స్టూలు అక్కడినుంచి తీసేయండి.

ప్రశ్న: నాకు నడుంలో సూది ఇచ్చి సిజేరియన్ చేశారు. కాళ్ళు బల్ల మీద చాపి ఉన్నా, మోకాళ్ళు పైకి ముడిచి పెట్టినట్టే అనిపించింది. నిద్రమందు ఏదీ ఇవ్వలేదన్నారు, అయినా కళ్ళు మూతలు పడ్డాయి. ఇవి సహజమేనా? ఆ సూది వల్ల జీవితాంతం నడుం నొప్పి తప్పదని ఇంట్లో అంటున్నారు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. ఆ అంకెలు అంతంత ఉండాలా అన్నది వేరే చర్చ. అంతమంది తల్లుల్లో అత్యధికులు ఈ సూది వేయించుకున్నవారే కనుక మీ ప్రశ్న ఎందరిదో.

పెద్దవారిలో వెన్నుపాము నడుం దాకా రాదు. నడుం పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి గుర్రపు తోకలా నరాల పాయలు ద్రవంలో తేలుతూ ఉంటాయి. సూదిని మూడో, నాలుగో పూసల మధ్య దించేది అందుకే. అక్కడ వేసే రెండు మిల్లీలీటర్ల బుపివకెయిన్ అనే మందు నరాల్లోని సోడియం ద్వారాలను మూసేస్తుంది. సోడియం లోపలికి రాకపోతే నరంలో సంకేతం పుట్టదు. రక్తనాళాలను అదుపు చేసే సన్నని నరాలు ముందు లొంగుతాయి, రక్తపోటు పడిపోయి వికారంగా ఉండడం అందువల్లే. తర్వాత చల్లదనం, నొప్పి, ఆ తర్వాత స్పర్శ, చివరికి కదలిక పోతాయి.

కాళ్ళ స్థితిని మెదడుకు చెప్పేది కీళ్ళ నుంచి, కండరాల నుంచి వచ్చే సంకేతాలే. అవి ఆగిపోతే మెదడు చివరిసారి అందిన కబురునే పట్టుకొని కూర్చుంటుంది. సూది వేసేటప్పుడు మీరు మోకాళ్ళు ముడుచుకొని ఉన్నారు. మీ మెదడు లెక్కలో అవి ఇంకా ముడిచే ఉన్నాయి.

మగత సంగతి నాకు అంతకన్నా ఆసక్తి కలిగిస్తుంది. కింది నుంచి నిరంతరం వచ్చే సంకేతాల రొద మెదడును మేలుకొలిపి ఉంచే వాటిలో ఒకటి. సగం ఒంటి నుంచి ఆ రొద ఆగిపోతే, ఏ నిద్రమందూ లేకుండానే కునుకు వస్తుంది. వెన్నులో మత్తు ఇచ్చినవారికి నిద్రమందు మామూలుకన్నా తక్కువ మోతాదు సరిపోతుందని మత్తు డాక్టర్లకు అనుభవమే. మెదడు వెన్నుపామును నిద్రపుచ్చడం పైన చూశాం. ఇక్కడ వెన్నుపాము మెదడును నిద్రపుచ్చుతోంది.

నడుం నొప్పికి సూదిని తప్పుపట్టడం న్యాయం కాదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. దీర్ఘకాలం ఉండే నొప్పి, సూది వేయించుకోకుండా కాన్పు అయినవారిలోనూ కనిపిస్తుంది. గర్భం మోసిన నెలల్లో నడుం మీద పడిన భారం, తర్వాత బిడ్డను వంగి ఎత్తుకోవడం అందుకు కారణాలు. సూదికి నిజంగా అంటుకున్న ఇబ్బంది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే, సూది చేసిన రంధ్రంలోంచి వెన్నుద్రవం కారుతోందని అర్థం. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ కొకెయిన్‌తో ఈ పద్ధతిని మొదలుపెట్టి, తన మీదా తన సహాయకుడు హిల్డెబ్రాంట్ మీదా పరీక్షించారు. మత్తు పట్టిన హిల్డెబ్రాంట్ ముంగాలిని సుత్తితో కొట్టి, చుట్టతో కాల్చి చూశారు, ఆయనకేమీ తెలియలేదు. తర్వాత ఇద్దరికీ తలనొప్పి వచ్చింది, బీర్ రోజుల తరబడి మంచం దిగలేదు. ఇప్పుడు వాడే సన్నని, కొన పెన్సిల్‌లా ఉండే సూదులతో ఆ బాధ బాగా తగ్గింది.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. వెన్ను వంకరకు ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి కాళ్ళు కదపమని అడుగుతారని ఎవరో చెప్పారు. నిజమేనా? పిల్లకు నొప్పి తెలుస్తుందా?
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: వంకర సరిచేసేటప్పుడు వెన్నుపాము సాగి దెబ్బతినే ప్రమాదం కొంత ఉంటుంది. దాన్ని అప్పటికప్పుడే కనిపెట్టడానికి 1973లో ఫ్రాన్సులో వోజెల్, స్టాన్యారా బృందం మేల్కొలుపు పరీక్షను ప్రవేశపెట్టింది. మత్తును పలచబరచి, 'పాదం కదుపు' అని చెబితే రోగి కదుపుతాడు. నొప్పి మందు ఇస్తూనే ఉంటారు కనుక నొప్పి తెలియదు, తర్వాత చాలామందికి గుర్తు కూడా ఉండదు.

ఇప్పుడు ఎక్కువగా యంత్రాలతో గమనిస్తారు. చీలమండ దగ్గర నరానికి చిన్న కరెంటు ఇస్తే, వెన్నుపాము వెనక భాగం గుండా అది సుమారు 40 మిల్లీసెకన్లలో మెదడుకు చేరుతుంది. ఆ తరంగం ఎత్తు సగానికి పడిపోయినా, రావలసిన సమయం పదో వంతు పెరిగినా సర్జన్‌ను ఆపుతారు. ఇది స్పర్శ దారిని మాత్రమే చూస్తుంది. కదలిక దారిని చూడడానికి తల మీద కరెంటు ఇచ్చి కాలి కండరాల్లో స్పందన కొలుస్తారు. మెలకువలో ఉన్న మనిషిలో తలపై నుంచి ఇలా కదలిక తెప్పించవచ్చని 1980లో మెర్టన్, మోర్టన్ చూపించారు.

చిక్కల్లా మత్తుతోనే. పీల్చే మందులు ముందు కొమ్ములోని చాలక కణాలను నొక్కేస్తాయని మొదటి జవాబులో చెప్పాను. ఆ మందులు ఎక్కువైతే, వెన్నుపాము క్షేమంగా ఉన్నా తెర మీద గీత చదునైపోతుంది. దెబ్బ తగిలిందో, మందు ప్రభావమో తేల్చలేరు. కాబట్టి ప్రోపోఫాల్, నొప్పి మందు రక్తనాళంలోకి ఎక్కిస్తూ మత్తు నడుపుతారు, ఊపిరి గొట్టం వేసిన తర్వాత కండరాలు సడలించే మందు ఇవ్వరు. మీరు ఆసుపత్రిలో అడగవలసిన ప్రశ్నలు రెండు: ఈ రెండు రకాల గమనింపూ ఉంటుందా, నాలుక కరుచుకోకుండా పళ్ళ మధ్య మెత్త పెడతారా. తల మీద కరెంటు ఇచ్చినప్పుడు దవడ బిగుస్తుంది కనుక ఆ రెండో ప్రశ్న చిన్నది కాదు.

ప్రశ్న: మా తమ్ముడు చెట్టు మీద నుంచి పడి ఛాతీ కింది నుంచి స్పర్శ, కదలిక కోల్పోయాడు. మూడేళ్ళయింది. రాత్రి నిద్రలో కాళ్ళు కదులుతున్నాయి. నడక తిరిగి వస్తుందని ఆశపడవచ్చా? మూత్రాశయంలో రాయి తీయాలన్నారు. స్పర్శ లేదు కాబట్టి మత్తు అవసరం లేదని ఒకరు అన్నారు.
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆ కదలికను నడక తిరిగి రావడానికి గుర్తుగా తీసుకోవద్దని చెప్పడం నాకు కష్టంగానే ఉంది. దెబ్బ తగిలిన చోటుకు కింద ఉన్న వెన్నుపాము చనిపోలేదు. మెదడుతో సంబంధం తెగి ఒంటరిగా బతుకుతోంది. దాని ప్రతిచర్యలు దానికున్నాయి. నిద్రలో కాళ్ళు లయగా ముడుచుకునే కదలికలు, వెన్నుపాము పూర్తిగా తెగినవారిలోనూ కనిపించాయి. ఆ లయ వెన్నుపాములోనే పుట్టగలదనడానికి వైద్యులు దాన్నే సాక్ష్యంగా చూపుతారు. కదలికలు పగలు కూడా ఉండి, కాళ్ళు బిగుసుకుపోతుంటే బాక్లోఫెన్ లాంటి మందులు ఉన్నాయి, అదీ గాబా దారిలో పనిచేసేదే. ఉన్నట్టుండి బిగుతు పెరిగితే పుండో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉందేమో చూడాలి.

రెండో మాట మాత్రం ఎవరన్నా సరే వినకండి. దెబ్బ ఛాతీ ఆరో పూస దగ్గర గానీ ఆ పైన గానీ ఉంటే, మూత్రాశయం మీద చెయ్యి పడగానే ఆ ఒంటరి వెన్నుపాము దెబ్బకు కింద ఉన్న రక్తనాళాలను ఒక్కసారి బిగిస్తుంది. మెదడు ఆపమని చెప్పలేదు, దారి తెగిపోయింది కదా. అతనికి నొప్పి తెలియదు, రక్తపోటు మాత్రం మెదడులో రక్తనాళాలు చిట్లేంతగా పెరగవచ్చు. అతనికి మత్తు ఇచ్చేది స్పృహ తీయడానికి కాదు, ఆ ప్రతిచర్యను ఆపడానికి. చాలాసార్లు నడుంలో సూదే అందుకు బాగా పనికొస్తుంది. దెబ్బ ఏ పూస దగ్గర తగిలిందో రాసిన పాత కాగితాలు, స్కాన్లు తీసుకెళ్ళండి. ఇంట్లో ఎప్పుడైనా తలపోటు, ముఖం ఎర్రబడడం, చెమటలు వచ్చి ఉంటే ఆ సంగతీ మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తే సక్సామెథోనియం అనే సూదిమందు వాడకూడదన్నది వారికి తెలిసిందే, కానీ తమ్ముడి పరిస్థితి మీరు ముందుగా చెబితేనే వారు దాన్ని పక్కన పెట్టగలరు.